సంగటి పక్కన పార్స్నిప్: ఏముంది, ఎంత తినాలి, ఎలా వండాలి

డైట్ చార్టుల్లోనో వంటల వీడియోల్లోనో పార్స్నిప్ అన్న పేరు కనబడితే మన దగ్గర ఎక్కువమంది అదేదో తెల్ల క్యారెట్ అనుకుంటారు, లేదంటే లావుపాటి ముల్లంగి అనుకుంటారు. రెండూ కాదు. చూపుకు ముల్లంగి పోలికే గానీ ముల్లంగి ఆవాలకు చుట్టం. పార్స్నిప్ చుట్టాలు క్యారెట్, కొత్తిమీర, జీలకర్ర, వాము. గడ్డను గోటితో గీరి వాసన చూస్తే తెలిసిపోతుంది: తియ్యదనం వెనక కొత్తిమీర వేరు నలిపినట్టు చిన్న ఘాటు ఉంటుంది.

వంటకూ ఒంటికీ ముఖ్యమైన తేడా మాత్రం నీటిలో ఉంది. ముల్లంగిలో నూటికి 95 పాళ్లు నీళ్లే. పార్స్నిప్‌లో నీళ్లు 80 పాళ్లు, మిగిలిన అయిదో వంతు పిండి, పీచు, చక్కెర. కాబట్టి దీన్ని బీరకాయ, సొరకాయల వరుసలో కాకుండా ఉర్లగడ్డ, గెనుసుగడ్డల వరుసలో కూర్చోబెట్టాలి. ఇది తెలియకే "కూరగాయే కదా" అని గిన్నెడు కూర తిని, పక్కన సంగటి ముద్ద ఎప్పటంత పెట్టుకుంటారు. ఆ తర్వాత షుగర్ పెరిగిందని గడ్డను తిడతారు.

వంద గ్రాముల్లో ఏముంది

పచ్చి గడ్డ వంద గ్రాములకు శక్తి 75 కిలో కేలరీలు. పిండిపదార్థాలు మొత్తం 18 గ్రాములు, అందులో పీచు 4.9 గ్రాములు, చక్కెరలు 4.8 గ్రాములు. మాంసకృత్తులు 1.2 గ్రాములు, కొవ్వు 0.3 గ్రాములు, అంటే ఆ రెండూ లేనట్టే. పొటాషియం 375 మిల్లీగ్రాములు, సి విటమిన్ 17 మిల్లీగ్రాములు, ఫోలేట్ (బి విటమిన్లలో ఒకటి) 67 మైక్రోగ్రాములు, కె విటమిన్ 22 మైక్రోగ్రాములు, ఇ విటమిన్ 1.5 మిల్లీగ్రాములు, మాంగనీస్ అర మిల్లీగ్రాము పైచిలుకు. క్యాల్షియం 36 మిల్లీగ్రాములే, ఇనుము 0.6 మాత్రమే. రాగులు తినేవాళ్లు క్యాల్షియం కోసం దీని వంక చూడాల్సిన పని లేదు.

క్యారెట్ చుట్టమైనా క్యారెట్‌కున్న పెద్ద గుణం దీనికి రాలేదు. క్యారెట్‌లో ఉండే నారింజ రంగే బీటా కెరోటిన్, దాని నుంచే మన ఒంట్లో ఎ విటమిన్ తయారవుతుంది. పార్స్నిప్ తెల్లన, అందులో ఎ విటమిన్ సున్నా. కంటిచూపుకు మంచిదని ఎవరైనా రాస్తే క్యారెట్ పేజీ చూసి దించారని అర్థం.

దీని బలం పీచు. క్యారెట్‌లో వందకు 2.8 గ్రాములు, ఉర్లగడ్డలో 2.1, ముల్లంగిలో 1.6 ఉంటే పార్స్నిప్‌లో దాదాపు అయిదు. పెద్దవాళ్లకు రోజుకు 30 గ్రాముల పీచు కావాలి. పాలిష్ బియ్యం ఎక్కువగా తినే ఇంట్లో అంత అందడం కష్టం. 150 గ్రాముల పార్స్నిప్ కూరతో అందులో నాలుగో వంతు పూర్తవుతుంది. మలబద్ధకంతో బాధపడేవాళ్లకు దీనివల్ల నిజంగా గుణం కనిపించేది ఇక్కడే. అయితే పీచు పెంచిన రోజు నీళ్లు కూడా పెంచాలి, లేకపోతే కడుపు ఇంకా బిగుస్తుంది. ఇన్నాళ్లూ పీచు పెద్దగా తినని వాళ్లు ఒక్కసారిగా పావుకిలో తింటే గ్యాసు, ఉబ్బరం తప్పవు. మొదటి వారం 75 గ్రాములతో సరిపెట్టుకోండి.

తర్వాత చెప్పుకోవాల్సింది ఫోలేట్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఇది ఆడవాళ్లకు రోజుకు 220 మైక్రోగ్రాములు, గర్భిణులకు 570 కావాలి. వంద గ్రాముల గడ్డ 67 ఇస్తుంది. బాగానే ఉంది గానీ గర్భిణులు ఇది తింటున్నామని డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్ర మానేయకూడదు. ఆ మాత్ర పని గడ్డ చేయదు.

పొటాషియం రక్తపోటు అదుపులో ఉండడానికి తోడ్పడుతుంది. కాకపోతే అదే కూరలో ఉప్పు దిట్టంగా వేసి, పక్కన ఊరగాయ పెట్టుకుంటే చేసిన మేలంతా పోయినట్టే. సి విటమిన్ సంగతికొస్తే, అదే పూట తిన్న రాగిలోనూ ఆకుకూరలోనూ ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి అది సాయపడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ సాయం వృథా. ఒక గంటైనా ఆగండి.

ముద్ద ఎంత తగ్గించాలి

150 గ్రాముల పచ్చి పార్స్నిప్‌లో పిండిపదార్థాలు 27 గ్రాములు. అందులో 7 గ్రాములు పీచు, అది చక్కెరగా మారదు. మిగిలేది 20. ఇక సంగటి: బియ్యం, రాగిపిండి కలిపి 60 గ్రాములతో చేసిన ముద్దలో పిండిపదార్థాలు 45 గ్రాముల దాకా ఉంటాయి. అంటే 150 గ్రాముల పార్స్నిప్ తిన్న పూట సగం ముద్ద తగ్గిస్తే లెక్క సరిపోతుంది. అన్నమైతే ఒక చిన్న కప్పు తగ్గించండి. షుగర్ ఉన్నవాళ్లకు ఇదే అసలు సూత్రం.

గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరను ఎంత తొందరగా పెంచుతుందో చెప్పే అంకె, గ్లూకోజ్‌కు 100) చూసే అలవాటున్న వాళ్లకు పార్స్నిప్ దగ్గర ఒక చిక్కు ఎదురవుతుంది. పాత పట్టికల్లో 97 అని ఉంటుంది, అంటే దాదాపు గ్లూకోజ్‌తో సమానం. తర్వాత చేసిన పరీక్షలో, ఉడికించిన గడ్డకు 52 వచ్చింది. ఒకే గడ్డకు ఇంత తేడా ఉన్నప్పుడు ఆ అంకెను నమ్ముకోవడం కంటే తిన్న రెండు గంటలకు మీ గ్లూకోమీటర్ చూపించే అంకెను నమ్మడం మేలు. పప్పుతోనో, చెనిక్కాయల పొడితోనో, మజ్జిగతోనో కలిపి తింటే ఏ పిండి గడ్డయినా నెమ్మదిగానే అరుగుతుంది. మెత్తగా ఉడికించి సూపులా మిక్సీ పట్టి తాగితే తొందరగా ఎక్కుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ముక్కలుగానే తినాలి.

ఎంచుకోవడం, దాచడం

కర్నూలు, కడప, అనంతపురం కూరగాయల మార్కెట్లలో దీని కోసం తిరిగి లాభం లేదు. ఇది చలిదేశపు గడ్డ. యూరప్‌కు ఉర్లగడ్డ చేరకముందు అక్కడి పేదల కడుపు నింపిన వాటిలో ఇదొకటి. బెంగళూరులో విదేశీ కూరగాయలు అమ్మే పెద్ద దుకాణాల్లో ఎప్పుడైనా కనబడొచ్చు. లండన్‌లోనో డబ్లిన్‌లోనో పిల్లల దగ్గరికి వెళ్లిన వాళ్లకైతే చలికాలమంతా చవగ్గా దొరుకుతుంది.

తల దగ్గర 4 నుంచి 5 సెంటీమీటర్ల లావు, జానెడు లోపు పొడవు ఉన్నవి తీసుకోండి. అటువంటివి ఒక్కోటి 100 నుంచి 150 గ్రాములు తూగుతాయి. పెద్దది తీసుకుంటే లాభమనుకోవద్దు. లావెక్కిన గడ్డ నడిమి బొడ్డు కట్టెలా మారుతుంది, ఎంత ఉడికించినా నమిలితే నారే. వంచితే వంగేది నీరు చచ్చిన సరుకు. తల దగ్గర గోధుమరంగు, నల్ల మచ్చలున్నవి, తొక్క మీద బూజు ఉన్నవి వద్దు. ఆ మాట ఎందుకో తర్వాత చెప్తాం.

కడగకుండానే తడి గుడ్డలో చుట్టి, చిల్లులున్న కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచితే రెండు మూడు వారాలు నిలుస్తుంది. ఆకులు ఉంటే ముందే కోసేయండి, అవి గడ్డలోని నీటిని లాగేస్తాయి. కర్నూలు ఎండాకాలంలో బయట గంపలో పెడితే ఒక్కరోజులో వాడిపోతుంది. చలిలో ఉంచడానికి ఇంకో కారణం కూడా ఉంది. సున్నా డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు గడ్డలోని పిండి కొంత చక్కెరగా మారి తీపెక్కుతుంది. చలిదేశాల్లో మంచు పడ్డాకే తవ్వుతారు, ఆ మంచు చేసే పనిని ఇక్కడ ఫ్రిజ్ కొంతవరకు చేస్తుంది.

తరగడం

బ్రష్షుతో గట్టిగా రుద్ది కడగండి. తల వైపు ఒక సెంటీమీటరు, తోక వైపు సన్నటి భాగం కోసేయండి. తొక్క పల్చగా తీయాలి. నిలువునా నాలుగు చీలికలు చేసి నడిమి బొడ్డును కత్తి మొనతో నొక్కి చూడండి. కత్తి సులువుగా దిగితే అలాగే ఉంచండి, దిగకపోతే బొడ్డును నిలువుగా చెక్కేయండి. కోసిన ముక్కలు వంకాయలాగే గాలి తగిలి నల్లబడతాయి. పలచటి మజ్జిగ నీళ్లలోనో నిమ్మరసం పిండిన నీళ్లలోనో వేయండి. కానీ పావుగంటకు మించి నాననివ్వొద్దు, సి విటమిన్, ఫోలేట్ రెండూ నీళ్లలో కరిగేవే. నిండా నీళ్లు పోసి ఉడికించి వార్చేస్తే వందకు 17 ఉన్న సి విటమిన్ 13కు దిగుతుంది, ఫోలేటూ కొంత పోతుంది. ఆవిరి మీద ఉడికిస్తే పోయేది తక్కువ. వార్చిన నీళ్లు ఉంటే పప్పులో పోసేయండి.

చెనిక్కాయ కారంతో వేపుడు, నలుగురికి

పార్స్నిప్ 400 గ్రాములు తీసుకుంటే తల, తోక, తొక్క పోగా 320 గ్రాములు మిగులుతుంది. చెనిక్కాయ విత్తనాలు 40 గ్రాములు, ఎండుమిరపకాయలు ఆరు, తెల్లగడ్డ రెబ్బలు అయిదు, జీలకర్ర అర చెంచా, ఉప్పు చెంచాకు కొంచెం తక్కువ, చెనిక్కాయ నూనె నాలుగు చెంచాలు, ఆవాలు, కరివేపాకు.

విత్తనాలను సన్నటి మంట మీద ఎనిమిది నిమిషాలు వేయించండి. పొట్టు చిట్లి, గింజ లోపల లేత గోధుమరంగు రావాలి. దించే ముందు మిరపకాయలు, జీలకర్ర వేసి ఒక నిమిషం తిప్పండి. పూర్తిగా చల్లారాకే ఉప్పు, తెల్లగడ్డ కలిపి బరకగా దంచండి. వేడి మీద మిక్సీలో వేస్తే నూనె వదిలి ముద్ద కడుతుంది, అప్పుడది కారప్పొడి కాకుండా ఊరిబిండి అవుతుంది.

గడ్డను ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలు చేసి ఇడ్లీ పాత్రలో అయిదారు నిమిషాలు ఆవిరి పట్టండి. కత్తి మొన దిగాలి, కానీ చివర్లో కొంచెం బిగి తగలాలి. తీసి వెడల్పాటి పళ్లెంలో అయిదు నిమిషాలు ఆరబెట్టండి. ఈ ఆరబెట్టడం చాలామంది ఎగ్గొడతారు. తడి ముక్క నూనెలో వేగదు, బాణలికి అంటుకుని చిదుగుతుంది.

బాణలిలో నూనె కాగాక ఆవాలు, కరివేపాకు వేసి ముక్కలు పరచండి. మధ్యస్థం మంట మీద ఆరేడు నిమిషాలు, రెండు నిమిషాలకొకసారి మాత్రమే తిప్పండి. అంచులు ఎర్రబడగానే పొయ్యి ఆపి, ఆ వేడి మీదే కారం చల్లి కలపండి. పొయ్యి మీద ఉండగా కారం వేస్తే గడ్డలోంచి వచ్చిన చక్కెర, తెల్లగడ్డ రెండూ కలిసి మాడి చేదెక్కుతాయి.

చెడేది ఎక్కడంటే, పార్స్నిప్‌లో ఉర్లగడ్డ కంటే చక్కెర చాలా ఎక్కువ. పచ్చి ముక్కలను నేరుగా నూనెలో వేస్తే లోపల ఉడక్కముందే బయట నల్లబడుతుంది. అందుకే ముందు ఆవిరి. కుక్కర్లో ఒక్క విజిల్ వచ్చినా ముక్క చెదిరిపోతుంది, అది పప్పులో కలుపుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఒక్కొక్కరి వాటాకు వచ్చేది 160 కిలో కేలరీల దాకా. అందులో గడ్డది 60 మాత్రమే, మిగిలిన వందా నూనె, విత్తనాలవి. బరువు తగ్గాలనుకునే వాళ్లు గడ్డను తగ్గించడం కాదు, నూనె గరిటెను చూసుకోవాలి.

పులుసు పెట్టాలనుకుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. చింతపండు పులుపులో గడ్డలు మెత్తబడవు. పచ్చి ముక్కలను చింతపండు రసంలో వేసి అరగంట కాచినా గట్టిగానే ఉంటాయి. ముందు ఆవిరి పట్టి, పులుసు మరిగాక చివరి అయిదు నిమిషాల్లో వేయండి. బెల్లం వేయకండి, తీపి గడ్డలోనే ఉంది.

దొరకనప్పుడు

దొరకకపోతే పోయేదేమీ లేదు. అందులో ఉన్నవన్నీ మన సంతలో ఉన్నాయి, ఒక్క గడ్డలో కాకపోతే రెండు మూడింటిలో. ఫోలేట్ కావాలంటే ఉడికిన కందిపప్పు వంద గ్రాముల్లో 110 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది, ఉడికిన పార్స్నిప్‌లో 58. అంటే రోజూ పప్పు తినే ఇల్లు దీన్ని ఎప్పుడో దాటేసింది. బీట్‌రూట్‌లో కూడా పచ్చి గడ్డ లెక్కన వందకు 109 ఉంది. పీచుకు గోరుచిక్కుడు, కొర్రలు ఉన్నాయి. సి విటమిన్‌కు జామకాయ, వందకు 200 మిల్లీగ్రాములు దాటుతుంది. పొటాషియంకు అరటిపండు వందకు 358 మిల్లీగ్రాములు, దాదాపు సమానమే. పులివెందుల వైపు తోటల్లో అరటికి కరువా!

రుచి కోసం విదేశీ వంటకంలో దీని బదులు ఏదైనా వేయాలంటే 300 గ్రాముల పార్స్నిప్‌కు 200 గ్రాముల గెనుసుగడ్డ, 100 గ్రాముల క్యారెట్, గుప్పెడు సన్నగా తరిగిన కొత్తిమీర కాడలు వేయండి. తీపి గెనుసుగడ్డది, వాసన కాడలది. ముల్లంగి మాత్రం వేయకండి. రంగు కలుస్తుంది, అంతే. వేపుడు నీళ్లు వదులుతుంది, కూర పలచనవుతుంది.

ఎవరు జాగ్రత్తపడాలి

కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పిన వాళ్లు దీన్ని అడగకుండా తినకూడదు. చిన్న ముక్కలు చేసి, నిండా నీళ్లలో ఉడికించి వార్చేస్తే పొటాషియం కొంత తగ్గుతుంది గానీ ఎంత తినొచ్చో చెప్పాల్సింది చూసే డాక్టరే. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు కె విటమిన్ ఒక్కసారిగా పెంచకూడదు. వారానికి ఎంత తింటే అంతే నిలకడగా తినాలి. ఆకుకూరలతో పోలిస్తే దీనిలో కె విటమిన్ కొంచెమే, అయినా లెక్కలో ఉంచుకోవాలి. సెలరీ లేదా క్యారెట్ తింటే నోరు దురద పెట్టేవాళ్లకు ఇదీ పడకపోవచ్చు. మొదటిసారి ఉడికించిన చిన్న ముక్కతో మొదలుపెట్టండి.

బూజు సంగతి. ఈ మొక్కలో ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. దెబ్బతిన్న, బూజు పట్టిన గడ్డలో అవి బాగా పెరుగుతాయి, తొక్కలో ఎక్కువ. ఉడికించినా పోవు. అందుకే కుళ్లిన మేరకు కోసి మిగతాది వండడం ఇక్కడ కుదరదు, గడ్డ మొత్తం పారేయాలి. వీటి రసం చర్మానికి అంటి ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు బొబ్బలు వస్తాయి, మచ్చలు నెలల తరబడి ఉంటాయి. ఇది వంటింట్లో జరిగేది అరుదు, తోటలో ఆకులు, కాడలు కోసేటప్పుడు జరిగేదే ఎక్కువ. ఇంగ్లండ్‌లో, అమెరికాలో రోడ్ల పక్కన అడవి పార్స్నిప్ మొలుస్తుంది. అచ్చం అలాగే కనిపించే, ప్రాణం తీసే విషపు మొక్కలు కూడా అక్కడే పెరుగుతాయి. అక్కడికెళ్లిన పెద్దవాళ్లు గుర్తుపట్టామనుకుని తవ్వి తేకూడదు.

ఇక్కడ పండుతుందా

విత్తనాల ప్యాకెట్ తెప్పించుకుని అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి చెప్పాలి. అమ్మకానికి పండదు, కుండీ సరదాకైతే ప్రయత్నించవచ్చు. నేల 10 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటేనే విత్తు బాగా మొలుస్తుంది, మొలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు. గడ్డ ఊరడానికి నాలుగు నెలలకు పైనే. నవంబరు మొదట్లో విత్తితే మార్చిలో మన ఎండ నెత్తి మీదికి వస్తుంది. పాత విత్తనం మొలవదు, దాని బలం ఒక్క ఏడాదే, ప్యాకెట్ మీద తేదీ చూడండి. నంద్యాల నల్లరేగడి ఆరితే పగుళ్లిచ్చి గడ్డను నొక్కుతుంది, అనంతపురం ఎర్రనేలలో గులకరాళ్లకు తగిలి గడ్డ రెండు మూడు కాళ్లుగా చీలుతుంది. పచ్చి పేడ వేసినా అంతే. అడుగున్నర లోతు కుండీలో జల్లించిన ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన ఎరువు సమానంగా కలిపి, అర అంగుళం లోతున విత్తి, మొలిచేదాకా తడి గోనెపట్టా కప్పి నీడలో ఉంచండి. మొలక కనబడ్డ రోజే పట్టా తీసేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి వాలిపోతాయి. నారు పీకి ఇంకోచోట నాటకూడదు, తల్లివేరు విరిగితే గడ్డ దిగదు. మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం ఉండేలా మిగతావి కత్తిరించేయండి. మార్చి రెండో వారానికి బొటనవేలంత లావు వచ్చినా తవ్వేయండి, ఇంకా ఉంచితే ఎండకు కట్టె కడుతుంది. ఆకులు కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకుని, పొద్దు వాలాక కోయండి.